మూత మీద కళ్ళు

పాడ్యమి. గాలి దక్షిణం. సముద్రం నెమ్మది. పలకని పడవలు రెండు.

ఈ టవరు కింద కూర్చున్నవాళ్ళు రోజూ రాయాలని రూలు. గాలి ఎటు, సముద్రం ఎలా ఉంది, సాయంత్రం పేర్లు పిలిస్తే ఏ పడవ పలికింది, ఏది పలకలేదు. మా అమ్మాయి అలివేణి ఉన్నన్నాళ్ళూ తనే రాసేది, ఒక్క వరసలో తేల్చేసేది. నాకు అలా రాదు. అక్షరాలు దాని దగ్గరే నేర్చుకున్నాను, అదీ జుట్టు నెరిశాక. మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు. ఒడ్డున ఇది చదివేవాళ్ళకు ఎక్కువనిపిస్తే గాలీ సముద్రమూ చూసుకుని మిగతాది దాటేయండి.

పొద్దున్నే డిష్ మూత మీద ఉప్పు తుడిచాను. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. తాగడానికి కాచిన నీళ్ళలోంచి దీనికి ఒక చెంబు తీస్తాం. మా తెప్పలపేటలో నీళ్ళ దగ్గర అక్కాచెల్లెళ్ళు కూడా జుట్లు పట్టుకుంటారు గానీ ఈ చెంబును మాత్రం ఎవరూ అడగరు. తర్వాత డిష్ తిప్పే చక్రానికి చేప నూనె పెట్టాను. మోటారు పోయింది, చేత్తోనే తిప్పాలి. బార్జీకీ బార్జీకీ మధ్య మోకులు చూసొచ్చాను. ఒకటి నలిగింది, మార్చమని చెప్పాను.

పాత బార్జీలు కలిపి కట్టిన ఊరు మాది. మా అమ్మ పుట్టి, తర్వాత నీట మునిగిన వీధి మీద ఇప్పుడు పీతల బుట్టలు దించుతారు. మబ్బు లేని రోజు ఒడ్డున కొండ తల ఒక్కటీ కనపడుతుంది. ఆ కొండ మీద ఒక డిష్, మా టవరు మీద ఒక డిష్. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ ఉంటేనే తుఫాను మాట మా దాకా వస్తుంది. ఆ మాటను ఇక్కడి నుంచి పడవలకు అందించేవి టవరుకు నాలుగు వైపులా బిగించిన బోర్డులు. పడవ మీద ఇంకో బోర్డు ఉండి వింటుంది. అన్ని పడవల బోర్డులూ వేణి చేతివే. బొటనవేలి గోరంత రాగి ముక్కలు వరసగా అతికించి, వాటి మధ్య చీమ నడిచే దారంత సన్నగా రాగి గీతలు కోసి, పైన తెల్లటి ప్లాస్టిక్ మూత బిగించేది.

సాయంత్రం నూకాలు పేర్లు పిలిచింది. నూకాలు వేణి దగ్గర పని నేర్చుకుంది, చంకలో ఎనిమిది నెలల పిల్ల. రెండు పడవలు పలకలేదు. చీకటి పడకముందే రెండూ క్షేమంగా వచ్చాయి, మనుషులు దిగారు, అసలు మమ్మల్ని పిలిచారా అని అడిగారు. పడవలు కట్టే గట్టు దగ్గర చేపలు దించుతూ జోగులు అందరికీ వినపడేటట్టు అన్నాడు, సచ్చినోళ్ళ బోర్డులు సచ్చినోళ్ళతోనే పోతాయని.  ఆ ముసలాడికి వేణి అంటే మొదటి నుంచీ పడదు.

చవితి. గాలి దక్షిణం. పలకని పడవలు మూడు.

కొండ మీద డిష్ చూసే ఇంజినీరు రుక్సానా గారు ఈవేళ నాతో మాట్లాడాలన్నారు. మనిషిని చూడలేదు, గొంతే తెలుసు. వేణి కొత్త బోర్డు కొలతలు కట్టేటప్పుడు ఈమెతో పొద్దస్తమానం మాట్లాడేది. అన్నం చల్లారిపోతోందని నేను తిడితే అటు నుంచి ఈమె నవ్వేది.

ఆ కొలతల సంగతి వేణి నాకు మోకుతో చెప్పింది. మోకు ఒక కొస గుంజకు కట్టి రెండో కొస ఊపితే, ఒక్కో ఊపుకు మోకు చక్కగా బొజ్జ కట్టి నిలబడుతుంది, ఊపు తప్పితే గజిబిజి అవుతుంది. రాగి ముక్క కూడా అంతేనట. గాలిలో మన మాట మోసుకొచ్చే అల మూడు వేళ్ళ పొడవు. బోర్డు మీదికి వచ్చేసరికి పొట్టిదవుతుంది, నీళ్ళలో నడిచేవాడి అడుగు పొట్టిదైనట్టు. ఆ పొట్టి అలలో సగం ఎంతో రాగి ముక్క అంతే ఉండాలి. గోటి అంచంత తేడా వచ్చినా వేరే ఊపుకు పలుకుతుంది, మన మాట వినదు. అందుకే కోసేటప్పుడు ఊపిరి బిగబట్టేది. అది చెప్పిందంతా నాకు అర్థమైందని కాదు. దాని చేతుల వంక చూస్తూ కూర్చునేదాన్ని.

రుక్సానా గారు మెత్తగానే చెప్పారు. "ఒక బోర్డు పాడైతే నేను భయపడను మసేనమ్మగారూ. ఒకదాని వెనక ఒకటి మెల్లగా చెవిటివి అవుతున్నాయి. రాగి కింద తేమ చేరి ఉండాలి. అంటే కట్టడంలోనే లోపం." మూత మీద ఏమైనా పూశారా అని అడిగారు. ఉప్పు తుడుస్తాం తప్ప ఏమీ పూయమని చెప్పాను. ఇంకో రెండు చెవిటివైతే అన్నీ ఊడదీసి ఒడ్డుకు పంపమన్నారు. వాటి బదులు కొత్తవి వస్తాయట. వచ్చేదాకా పడవలు కదలకూడదు.

వేణి చేతులు తాకినవి ఈ లోకంలో అవే మిగిలాయి. ఊడదీసి పంపితే వాటిని విరిచి చూస్తారు, ఒక కాగితం మీద అలివేణి కట్టడంలో లోపం అని రాస్తారు. ఆ మాట నేను చదవగలను. అది నేర్పిన అక్షరాలతోనే చదవాలి.

సప్తమి. గాలి నైరుతి. కొంచెం పోటు. పలకని పడవలు మూడు. కొర్లయ్య పడవ మూడో పిలుపుకు పలికింది.

కొర్లయ్య వచ్చాడు. వేణిని చేసుకోవలసినవాడు. చైత్రంలో గాలివానకు డిష్ పక్కకు తిరిగిపోతే వేణి టవరెక్కి సరిచేసింది. మాట తిరిగి వచ్చింది, పడవలన్నీ దారి పట్టాయి, అది మాత్రం దిగలేదు. గాలి కొట్టేసింది. నేను కింద చక్రం పట్టుకుని ఉన్నాను, పైకి చూసేసరికి టవరు మీద ఎవరూ లేరు. సముద్రం ఇప్పటికీ ఇవ్వలేదు.

సముద్రం ఉంచేసుకున్న మనిషికి మాలో దహనం లేదు. కళ్ళు దిద్దుతారు. ఆ మనిషి కళ్ళను ప్రతి పడవ ముక్కు మీదా దిద్దుతారు, ఎక్కడున్నా చూసుకుంటూ ఇంటి దారి పట్టాలని. ఏడాది తిరిగేదాకా ప్రతి అమావాస్యకూ దిద్దిన కళ్ళ మీదే మళ్ళీ దిద్దాలి, మసకబారనివ్వకూడదు. మధ్యలో చెరిపితే ఆ మనిషికి చూపు పోతుందంటారు. కన్నతల్లి మాత్రం దిద్దకూడదు. తల్లి చెయ్యి వణుకుతుందని కాబోలు.

వేణికి ముక్కు మీద కాదు, బోర్డు మూత మీద దిద్దుదామని కొర్లయ్యే అన్నాడు. అది చేసిన వస్తువు కాబట్టి అక్కడే దానికి చోటు అని. అందరూ సరే అన్నారు. బోర్డు దగ్గరికి సత్తు గిన్నె తెస్తే వేణి అరిచేది, ఇనుము అడ్డొచ్చినా సత్తు అడ్డొచ్చినా అల వెనక్కి పోద్దని. రంగు గురించి నూకాలు ఒకసారి అడిగితే, రంగుకేటి, సున్నమైతే ఏటి, నీలిమందైతే ఏటి, అల దూరి పోద్ది అంది. అందుకని ఎవరికీ అనుమానం లేదు. మామూలుగా గుల్ల సున్నంతో తెల్లగుడ్డు, దీపం మసితో కంటిపాప. ఈ పిల్లకు సున్నం చాలదన్నారు ఆడవాళ్ళు. ఒడ్డు నుంచి ఓడలకేసే వెండి రంగు తెప్పించారు.

కొర్లయ్య గుమ్మంలో కూర్చున్నాడు. తర్వాత తన పడవకు అమావాస్యకే కాదు, ఏ రోజు మసకగా అనిపిస్తే ఆ రోజు దిద్దుతున్నానని చెప్పాడు. నిన్న కూడా దిద్దాడట. ఎండలో అవి మెరుస్తుంటే వెనక తెప్పల మీది పిల్లలు వేణక్క చూస్తోందని చెయ్యి ఊపుతున్నారట. నాకు ఏడుపు రాలేదు. కడుపు నిండినట్టయింది. ఎండుచేప కాల్చి పెట్టాను, తినిపోయాడు.

దశమి. గాలి నైరుతి. పలకని పడవలు నాలుగు.

నాలుగోది కొర్లయ్యది. గట్టుకు రెండు కేకల దూరంలో ఉన్నప్పుడు మాత్రం విన్నాడు.

నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి మాట ఆపేశారు. ఒకావిడ మాత్రం దాచుకోలేకపోయింది. ఆమె మొగుడి పడవ మొదటి రోజు నుంచే చెవిటిది. పిల్ల మంచిదే గానీ పని పచ్చిదని అంది. నా బిందె నింపుకుని వచ్చేశాను. దారిలో తలుచుకుంటే ఆమె తప్పు కూడా కనపడలేదు. ఆమె మొగుడు సముద్రం మీద ఉన్నాడు.

సాయంత్రం పేర్లు పిలుస్తుంటే ఒకటి చెవిన పడింది. అందరికన్నా దూరం వెళ్ళింది జోగులు. మునిగిన లైట్‌హౌస్ అవతల ఉన్నాడు. మొదటి పిలుపుకే గంటలా పలికాడు, ఏటే నూకాలూ, ఈ పొద్దు నీ గొంతు బొంగురుగున్నాది, పిల్ల నిద్దరపోనీలేదేటి అని. నూకాలు నవ్వింది. నేను నవ్వలేకపోయాను. జోగులు పడవ మీదున్నది వేణి చేసిన మొట్టమొదటి బోర్డు. గీతలు వంకరగా వచ్చాయని తనే సిగ్గుపడేది, మారుస్తానంటే ముసలాడు ఒప్పుకోలేదు. పని పచ్చిదైతే ముందు చెవిటిది కావలసింది అదే.

అతను వచ్చేదాకా గట్టు మీద నిలబడ్డాను. పడవ మోకు వేశాక, బోర్డు చూడాలి అన్నా అని అడిగాను.

"సూసుకో. నీ కూతురు పెట్టినకాడే ఉన్నాది. నా పొగగొట్టం పక్కన నాను పెట్టుకుంటే, నన్నడక్కుండా పీకి ఇటు బిగించింది. నా పడవలో నాకే మాట నేదు."

"కళ్ళు దిద్దలేదేటి?"

"దిద్దలేదు. దెబ్బలాడుకున్నోళ్ళం. పడనోడు దిద్దితే కన్ను కుదరదు." వల దులుపుతూ నా వంక చూడకుండా అన్నాడు. "తిట్టాలుంటే తిట్టేసి ఎల్లు సెల్లా, నాను అన్నం తినాల."

మూత తెల్లగా, బోసిగా ఉంది. ఊరంతటికీ దిద్దనిది అదొక్కటే. ఊరంతట్లో బాగా వినేదీ అదొక్కటే.

ఏకాదశి. గాలి లేదు. పలకని పడవలు నాలుగు.

అన్నం వండుకోలేదు. ఏకాదశి అని నూకాలుకు చెప్పాను.

మొదట చెవిటిదైన పడవ బోర్డును ఒడ్డుకు పంపడానికని నూకాలు ఊడదీసి పెట్టింది. దాన్ని వేణి పరీక్ష చేసే తీరునే చేశాం. నూకాలు బోర్డు పట్టుకుని నాలుగో తెప్ప చివర నిలబడుతుంది, నేను టవరు గదిలో సూది చూస్తాను. బోర్డు ఎంత బాగా మాట్లాడితే సూది అంత లేస్తుంది. ఎంత బాగా మాట్లాడుతుందో అంత బాగానే వింటుంది. నోరూ చెవీ దానికి ఒకటేనని వేణి అనేది.

కళ్ళున్న మూతతో పట్టుకుంటే సూది పడుకునే ఉంది. వేణి పెట్టెలో ఇంకా బిగించని మూత ఒకటుంది, అది పెట్టమన్నాను. సూది నిటారుగా లేచింది. మళ్ళీ కళ్ళ మూత పెట్టమన్నాను. పడిపోయింది. మళ్ళీ తీయమన్నాను. నూకాలు అటు నుంచి ఎన్నిసార్లు పెద్దమ్మా అని అరిచింది. అయినా ఇంకోసారి పెట్టించాను.

రంగు డబ్బా తెచ్చి అడుగున వేలు పెట్టి చూశాను. పైన తేరిన నూనె, కింద పేరిన పొడి. వేళ్ళ మధ్య నలిపితే సత్తు గిన్నె బూడిదతో తోమినప్పుడు చేతికి పట్టే నలుపే అంటింది. సున్నం కాదు అది, సత్తును నూరి కలిపిన రంగు. ఒక పూతకు కొంచెం, దాని మీద ఇంకో పూతకు ఇంకొంచెం, ప్రతి అమావాస్యకూ మేమే మూతల మీద సత్తు రేకు పరిచాం. వేణిని ఎవరు ఎక్కువ తలుచుకుని దిద్దారో వాళ్ళ పడవలే చెవిటివయ్యాయి. రుక్సానా గారు అడిగినప్పుడు ఏమీ పూయమని చెప్పింది నేనే. కళ్ళు దిద్దడాన్ని పూత అనుకోవాలని నాకు తోచనే లేదు.

వేణి పనిలో లోపం లేదు. ఆ మాట ఊరంతా తిరిగి చెప్పాలనిపించింది. గుమ్మం దాకా వెళ్ళాను. చెప్తే కళ్ళు గీకేయాలి. ఏడాది తిరగలేదు. ఇంత నీళ్ళలో ఎక్కడో దారి వెతుక్కుంటున్న పిల్లకు, వచ్చే దారి సగంలో ఉండగా నేను చూపు తీసేయాలి.

నూకాలుకు చెప్పాను, ఈ ఒక్క రోజు ఉంచు, రేపు నేనే చెప్తాను, దాని కళ్ళు ఈ ఒక్క రోజు ఉండనియ్యి అని. నూకాలు పిల్లకు పాలిస్తూ, పడవలు బయటుంటాయి పెద్దమ్మా అంది. గాలి లేదు కదే అన్నాను.

ద్వాదశి. తెల్లవారి గాలి లేదు. మధ్యాహ్నం నుంచి తూర్పు గాలి, గట్టిగా.

ఇది రాత్రి దీపం దగ్గర రాస్తున్నాను.

తెల్లవారకముందే పడవలు వెళ్ళిపోయాయి, వచ్చాక చెప్దామనుకున్నాను. మధ్యాహ్నం కొండ నుంచి మాట వచ్చింది. తూర్పున వాయుగుండం అనుకున్నది ఒక్కసారి తిరిగింది, పొద్దు వాలేలోగా మా మీద ఉంటుంది. నూకాలు అన్ని పడవలనూ పిలిచింది. విన్నవి విన్నాయి. జోగులు విని, దారిలో కనపడిన చెవిటి పడవలను కేకలేసుకుంటూ, వినని వాళ్ళ మీదికి గాలపు సీసం విసురుతూ, గొర్రెలను తోలినట్టు తోలుకొచ్చాడు. మూడింటిని తెచ్చాడు. కొర్లయ్య పడవ అతనికి కనపడలేదు. కొర్లయ్య చీకటితోనే ఒంటరిగా వెళ్ళాడు, లైట్‌హౌస్ దక్షిణాన వల వేస్తానన్నాడట.

నూకాలు పిలిచి పిలిచి నా వంక చూసింది. ఆ చూపులో నిన్నటి మాటకు దెప్పు లేదు. ఉన్నా నేను పడేదాన్నే.

టవరు బోర్డుల గొంతు నాలుగు దిక్కులకూ పంచుకుపోతుంది. డిష్ అలా కాదు, ఒకే వైపు సన్నగా, గట్టిగా చూస్తుంది. దాన్ని కొర్లయ్య మీదికి తిప్పితే ఎంత చెవుడులోనైనా వినపడవచ్చు. తిప్పితే కొండ తెగిపోతుంది. కొండను తెంచకూడదనేది ఈ టవరు మొదటి రూలు. రుక్సానా గారికి అంతా చెప్పాను. కళ్ళ సంగతి, రంగు సంగతి, నిన్ననే తెలిసిన సంగతి. అంతా విని ఆమె అన్నారు.

"తుఫాను గురించి చెప్పవలసింది చెప్పేశాను. ఇంక నా గొంతుతో మీకు పని లేదు. తిప్పండమ్మా."

చక్రం తిప్పాను. వేణి ఉన్నప్పుడు అది పైన, నేను కింద. వేలి మందం అమ్మా అంటే వేలి మందం తిప్పేదాన్ని. ఇక్కడ వేలి మందం తప్పితే అక్కడ ఊరే తప్పుతుంది. ఈసారి పైన ఎవరూ లేరు. నూకాలు గుమ్మంలో నిలబడి సూది చూస్తూ కొర్లయ్య పేరు పిలుస్తోంది, నేను లైట్‌హౌస్ నుంచి దక్షిణానికి కొంచెం కొంచెం జరుపుతున్నాను. గాలి డిష్‌ను పట్టి లాగుతుంటే చక్రం నా మీద తిరగబడింది. భుజం ఆనించి ఆపాను. ఒకసారి అటు చివరి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. రెండోసారి సగం దూరంలో నూకాలు చెయ్యెత్తింది.

సూది లేవలేదు, వణికింది. చక్రానికి మోకు చుట్టి బిగించి లోపలికి వెళ్ళాను. నూకాలు మైకు నాకే ఇచ్చేసింది. అది చెప్తే వాడు వినడు.

"కొర్లయ్యా. నానురా, అత్తని. కత్తి తీయి. మూత మీది కళ్ళు గీకేయి."

గరగర. ఆ గరగరలో ఎక్కడో అడుగు నుంచి, "ఏటి గీకేయాల?"

"కళ్ళు. ఆ రంగులో సత్తున్నాది. అదే నీకు సెవుడు తెచ్చింది. పెద్ద తుఫానొస్తన్నాది, దారి సెప్పాల నీకు. గీకు."

"నాను గీకను." గరగరలోంచి మళ్ళీ, "ఏడాది తిరగనేదు అత్తా. గీకితే దానికి దారెలాగ?"

నిన్నంతా నన్ను నేను అడిగినదే.  నోటికి వచ్చింది చెప్పాను.

"అదొస్తే నా దగ్గరికే కద రావాల. దాని దారి నాను సూసుకుంటాను. నువ్వు దాన్ని సూడ్డానికి ఎల్లిపోకు, నాకు ఇంకోడు నేడు. గీకరా."

సూది పడిపోయింది. మోకు జారింది. పరుగెత్తి చక్రం పట్టుకున్నాను. అరచేతుల తోలు లేచిపోయింది, అప్పుడు తెలియలేదు. గదిలోంచి గరగర తప్ప ఏమీ రాలేదు. వాడు గీకుతున్నాడో, వినడం మానేశాడో, పడవే లేదో. వాన మొదలైంది. నేను చక్రాన్ని కౌగిలించుకుని వేలి మందం కదలకుండా నిలబడ్డాను.

తర్వాత నూకాలు నన్ను పిలవలేదు. పిల్లను నేల మీద కూర్చోబెట్టి ఏడుస్తూ, గబగబా దారి చెప్పడం మొదలుపెట్టింది, ఉత్తరానికి తిప్పు, లైట్‌హౌస్ ఎడం పక్కన వదిలేయి, జోగులు మావ ఆ దారినే వచ్చాడు అని. దాని వెనక నుంచి కొర్లయ్య గొంతు పక్కగదిలో ఉన్నట్టు స్పష్టంగా వినపడింది.

"గీకినాను. సెప్పు."

త్రయోదశి. వాన. గాలి తగ్గింది. పడవలన్నీ గట్టునే ఉన్నాయి.

కొర్లయ్య నిన్న చీకటి పడ్డాక వచ్చాడు. నన్ను దాటి వెళ్ళి నా గుమ్మం ముందు కూర్చున్నాడు. తిట్టలేదు. చేతిలో కత్తి అలాగే ఉంది, అంచుకు వెండి పొడి పట్టి ఉంది. ఒక కన్ను కొంచెం లోతుగా గీకినాను, మూత బీటిచ్చింది, ఏటనుకోకు అన్నాడు.

పొద్దున్నే ఊరందరికీ చెప్పాను. ఎవరూ వేణి పనిని మళ్ళీ మాట అనలేదు. నీళ్ళ దగ్గర అన్నావిడ వచ్చి నా బిందె తీసుకెళ్ళి నింపి తెచ్చింది. కానీ గీకడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. వాళ్ళ అమ్మలూ తాతలూ ఏడాది నిండకుండా చెరపలేదు. పాపం ఎవరు మూటకట్టుకుంటారు? పడవల ముందు నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కన్నతల్లి దిద్దకూడదన్నారు. చెరపకూడదని మాకు ఎవరూ చెప్పలేదు. చేతులకు గుడ్డ కట్టుకుని నేనే దిగాను. ఒక్కో పడవా ఎక్కి ఒక్కో మూతా గీకాను. కొందరు కుడికన్ను పెద్దగా దిద్దారు, కొందరు రెప్పలు దిద్దారు. ఒకరు దాని ఎడమ కనుబొమ కింది పుట్టుమచ్చ కూడా మరిచిపోలేదు. ఆ మచ్చ దగ్గర ఆగాను. వాన నీళ్ళు మూత మీద జారుతున్నాయి. పడవ వాళ్ళు అటు తిరిగి నిలబడ్డారు. తర్వాత అదీ గీకాను.

రుక్సానా గారు బోర్డులు పంపవద్దన్నారు. కాగితం మీద ఏం రాయాలో నన్నే చెప్పమన్నారు. అలివేణి బోర్డులు బాగున్నాయి అని రాయమన్నాను. అంతేనా అని అడిగారు. అంతే అన్నాను.

అమావాస్య. గాలి ఉత్తరం. సముద్రం నెమ్మది.

ఉప్పు తుడిచాను. చక్రానికి నూనె పెట్టాను. అరచేతులు మానుతున్నాయి.

కళ్ళు దిద్దే రోజు. ఎవరూ రంగు కలపలేదు. ఆడవాళ్ళు నా వైపు రాకుండా చుట్టూ తిరిగిపోతున్నారు. నేను పగలంతా సముద్రం వంక చూడలేకపోయాను. చూపు తీసేసినదాన్ని, ఏ మొహంతో చూడాలి?

పొద్దు వాలుతుండగా జోగులు చిప్పలో గుల్ల సున్నమూ, ఇంకో చిప్పలో దీపం మసీ పట్టుకుని తన పడవ ముక్కు మీదికి ఎక్కాడు. పాతకాలం చోట, పాతకాలం సరుకుతో. గట్టు మీద జనం పోగయ్యారు. ఒక కన్ను పైకీ ఒకటి కిందికీ వచ్చాయి. పడనోడు దిద్దితే కుదరదన్నావు కదా అని ఎవరో అన్నారు.

"కుదరలేదు. సూస్తే తెలీదేటి? కాకి గుడ్డు నాగున్నాయి." చెయ్యి తుడుచుకుని నా వంక చూశాడు. "కుదిరిందాకా మళ్ళీ మళ్ళీ దిద్దుతాను సెల్లా. నాకు మాత్రం పనేటుంది?"

కొర్లయ్య వెళ్ళి అతని చేతిలో చిప్ప అందుకున్నాడు.

చీకటి పడ్డాక ఎవరి పడవలో వాళ్ళు కూర్చున్నారు, నూకాలు పేర్లు పిలిచింది. మొదటి పిలుపుకే ఒక్కొక్కరూ పలికారు. చివరి పేరు అయ్యాక మైకు ఆపబోతుంటే దాని చెయ్యి పట్టుకున్నాను. సముద్రం ఉంచేసుకున్నవాళ్ళ పేరు మేం పిలవం. పలక్కపోతే భరించలేమని పెద్దలు పెట్టిన ఆచారం. మీట నొక్కి, అలివేణి అన్నాను.

సూది కదలలేదు. అన్ని పడవల్లోనూ అందరూ వింటున్నారని తెలుసు.  నూకాలు ఒళ్ళో పిల్ల నిద్రలో మూలిగింది. చాలాసేపటికి జోగులు గొంతు వచ్చింది, మెల్లగా.

"మాకు ఇనపడింది మసేనమ్మా. దానికీ ఇనపడే ఉంటది. రేపూ పిలు."

పలకని పడవలు లేవు. పలకని పేరు ఒకటి.